శనివారం హాలు ఊడ్చే అక్క జీతం గురించి: చెన్నై తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

చెన్నైలోని తెలుగు సంఘాల పాస్టరుగార్లకు, పెద్దలకు, కమిటీ సభ్యులకు,

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

నేను ఈ నగరంలోనే పుట్టి పెరిగిన తెలుగు విశ్వాసిని. ప్యారీస్ దగ్గర ఒక ఎలక్ట్రికల్ హోల్‌సేల్ దుకాణంలో 14 ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. బైబిల్ కాలేజీలో చదువుకోలేదు, సంఘంలో పదవీ లేదు. ఈ సంగతి ముందు మా పాస్టరుగారికి చెప్పాను. తర్వాత కమిటీలో ఇద్దరికి చెప్పాను. వేరే సంఘాలకు వెళ్ళే స్నేహితురాళ్ళను కదిలిస్తే వాళ్ళ దగ్గరా ఇలాంటి మాటే వినిపించింది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. మీలో కొందరు నన్ను సండే స్కూలు నాటి నుంచి ఎరుగుదురు. మీ మీద గౌరవం ఉండబట్టే ఇంత బాధ.

మేం వెళ్ళే సంఘంలో హాలు శుభ్రం చేసే అక్క ఒకామె ఉంది. శనివారం మధ్యాహ్నం వస్తుంది. ముందు ప్లాస్టిక్ కుర్చీలన్నీ పదేసి చొప్పున దొంతర పెట్టి గోడవారకు జరుపుతుంది. ఊడ్చి, ఫినాయిల్ నీళ్ళతో తుడిచి, నేల ఆరాక మళ్ళీ కుర్చీలు వరస కడుతుంది. నెలలో మొదటి ఆదివారం బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభురాత్రి భోజన సంస్కారం, ఉంటుంది కాబట్టి ఆ ముందురోజు ఇంకో పని ఎక్కువ. సంస్కారపు గ్లాసులు చిన్నవి, బొటనవేలంత ఉంటాయి, మొత్తం 140. ఒక్కొక్కటి వేడినీళ్ళలో కడిగి, తెల్లగుడ్డ మీద బోర్లించి, ఆరాక కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసి ట్రేలో పెడుతుంది.

జులై మొదట్లో ఒక శనివారం నేను పాటల పుస్తకాలకు అట్టలు వేస్తూ అక్కడే ఉన్నాను. ఆమె వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి, పగుళ్ళలో నలుపు దిగిపోయింది. తెల్లవారి ఐదున్నరకల్లా కార్పొరేషన్ కాంట్రాక్టు పనిలో సంతకం పెట్టి, రోడ్డు ఊడ్చి, చెత్త బండికెత్తి, అది అయ్యాక ఇక్కడికి వస్తుంది. గ్లాసును వేళ్ళతో కాకుండా గుడ్డతో పట్టుకుంటోంది. ఎందుకక్కా అంటే, "ప్రభువు బల్ల కదమ్మా, నా చేతులు గరుకు, గీతలు పడతాయేమో" అంది.

కాసేపయ్యాక గొంతు తగ్గించి అడిగింది. "మే నెలది రాలేదు, జూన్‌దీ రాలేదు. నువ్వు లెక్కలు రాసేదానివి కదా, పెద్దయ్యగారిని ఒకసారి అడుగుతావా? నేనడిగితే బాగుండదు."

ఆమె జీతం నెలకు 3,500 రూపాయలు. రెండు నెలలకు 7,000. ఆ మర్నాడే మనం కొత్త సౌండ్ మిక్సర్‌ను ప్రార్థన చేసి ప్రతిష్ఠించుకున్నాం. దాని ఖరీదు 1,80,000 అని స్టేజీ మీద చెబితే అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఆ అక్క చివరి వరసలో తలుపు పక్కన కూర్చుని ఉంది. ఆరాధన అయ్యాక ట్రెజరర్‌గారిని అడిగాను. ఆయన మంచివారు, మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రుళ్ళు తోడుగా కూర్చున్న మనిషి. "అది జీతం కాదు సిస్టర్, పరిచర్య. ఈ రెండు నెలలు కానుకలు తగ్గాయి. ఆమెకు దేవుడే ఇస్తాడు" అన్నారు.

పెద్దలారా, దేవుడు ఆమెకు ఇవ్వమని ఇచ్చింది మన చేతికే. ఆ రోజు ఈ మాట అనలేకపోయాను, ఇప్పుడు అంటున్నాను.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇచ్చేయాలని ఉంది. ఎందుకో కూడా ఉంది: అతను బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. బిగపట్టిన కూలే మొర్ర పెడుతుందట. కూలివాడు నోరు తెరవకపోయినా, మొహమాటపడి ఇంకొకరిచేత అడిగించినా, ఆ డబ్బు మాత్రం కేక వేస్తూనే ఉంటుంది. లోకం సంగతే చూడండి. వెయ్యిమందికి లోపు పనిచేసే ఫ్యాక్టరీలో నెల తిరిగాక 7వ తేదీలోగా జీతం చేతికి రావాలని 1936 నాటి చట్టమే చెప్పింది. మా దుకాణంలో పనివాళ్ళం ఐదుగురం. 1వ తేదీ సాయంత్రానికి యజమాని కవర్లు పంచేస్తారు. ప్రభువును ఎరగనివారని మనం ఎవరి గురించి ప్రార్థన చేస్తామో, ఆయన.

ఇది ఒక్క అక్క జీతంతో తీరిపోయేదైతే ఆ 7,000 నేనే సర్దేదాన్ని. దీని వెనకున్న ఆలోచన నన్ను కలవరపెడుతోంది. ఆదివారం హాల్లో జరిగేది దేవుని పని, తక్కిన ఆరు రోజులూ మేం చేసేది లోకం పని అని మనం ఎప్పుడో విడదీసేశాం. విడదీశాక ఆ ఆరు రోజుల గురించి మీరు అడగరు, మేం చెప్పం.

నా సంగతే చెబుతాను. రెండేళ్ళ కిందట ఒకరోజు సాయంత్రం యజమాని పిలిచి, సరుకు కదలకుండానే ఒక పార్టీకి 4 లక్షలకు బిల్లు వేయమన్నారు. లెక్కలు రాసేవాళ్ళకు ఇది కొత్త కాదు. ఆ బిల్లు చూపించి వాళ్ళు జీఎస్టీలో క్రెడిట్, అంటే కొన్నప్పుడే పన్ను కట్టేశామని తగ్గింపు, తీసుకుంటారు, మావాళ్ళకు కమీషన్ ముడుతుంది. 18 శాతం చొప్పున 72,000 రూపాయల దొంగ క్రెడిట్. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటికి మా ఆయనకు పని లేదు, పాప స్కూలు ఫీజు టెన్షన్ ఒకవైపు. ఆదివారం ఆరాధన అయ్యాక మనలో ఒక పెద్దాయనకు అంతా చెప్పి, ఏం చేయమంటారని అడిగాను. "ఇవి లోక వ్యవహారాలమ్మా. యజమానులకు లోబడమని వాక్యం ఉంది కదా. ప్రార్థన చేసుకో" అన్నారు. తల మీద చెయ్యి పెట్టి ఆయనా ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో నా ఆరోగ్యం ఉంది, పాప చదువు ఉంది, మా ఆయన ఉద్యోగం ఉంది. బిల్లు లేదు.

సోమవారం వెళ్ళి ఇది నావల్ల కాదండీ అన్నాను. యజమాని అరవలేదు. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, "మీ చర్చి కొత్త హాలుకి వైర్లు, స్విచ్‌లు ఎక్కడ కొన్నారో తెలుసా? మన దగ్గరే. బిల్లు వద్దు, ఎస్టిమేట్ చీటీ మీద ఇచ్చేయండి, ట్యాక్స్ మిగులుతుంది అన్నారు మీవాళ్ళు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. పాత చీటీల కట్ట తీసి చూస్తే నిజమే. ఆ చీటీ నా చేతిరాతలోనే ఉంది. ఎవరికని అడగకుండా నేనే రాసిచ్చాను. అప్పటిదాకా అలాంటి చీటీలు రోజుకు ఎన్ని రాశానో లెక్క లేదు. ఒక్కసారి కూడా అది పాపమని నాకు తట్టలేదు, ఎందుకంటే మన దగ్గర పాపాల జాబితాలో అది ఎప్పుడూ వినలేదు.

ఆ తర్వాత చీటీలు కూడా రాయనన్నాను. బిల్లింగ్ నుంచి తీసి స్టాకు పుస్తకానికి మార్చారు, ఆ ఏడాది జీతం పెరగలేదు. అంతకుమించి ఏమీ కాలేదు. పెద్ద త్యాగం చేశానని చెప్పుకోవడానికి ఇది రాయలేదు. ఆ వారం నాకు ఒక మనిషి కావాల్సి వచ్చింది. "ఆ బిల్లు వేయొద్దమ్మా, ఉద్యోగం పోతే ఈ రెండు నెలలు సంఘం చూసుకుంటుంది" అని ఒక్కరు అనాల్సింది.

నేను రోజూ వేలచ్చేరి నుంచి బీచ్ స్టేషన్‌కు రైల్లో వెళ్తాను. దారిలో చాలాదూరం ఆ రైలు బకింగ్‌హాం కాలువ వెంటే సాగుతుంది. తిరుమయిలై దగ్గర కిందికి చూస్తే నల్లటి నీళ్ళు, ప్లాస్టిక్ సంచులు, నీళ్ళలో దిగిన రైలు స్తంభాలు. మన అక్క పెరిగింది ఆ కాలువ గట్టు మీద గుడిసెలోనే. గట్లు ఖాళీ చేయించినప్పుడు వాళ్ళను పెరుంబాక్కం ఇళ్ళకు పంపించారు. ఆ కాలువకూ మన తెలుగు సంఘాలకూ ఉన్న బంధం మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

1876 నుంచి 1878 దాకా ధాత కరువులో మద్రాసు రాజధాని అల్లాడిపోయినప్పుడు, కరువు పని కింద ఈ కాలువలో కొంత భాగం తవ్వించారు. నగరంలో అడయారు నదికీ కూవానికీ మధ్య ఉన్న ముక్క 1877-78లో తవ్విందే. అప్పటి గవర్నరు పేరే కాలువకు పెట్టారు. ఒంగోలు వైపు మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టును ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు తీసుకున్నారు. మిషనరీకి మట్టి పని కాంట్రాక్టు ఎందుకు? ఆకలితో చచ్చిపోతున్నవాళ్ళకు పని దొరకాలి, కూలి దొరకాలి. ఆయన దగ్గరున్న బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పని మధ్యలో జనం సేదదీరినప్పుడు, ప్రయాసపడి భారం మోస్తున్నవాళ్ళను ప్రభువు తన దగ్గరికి రమ్మన్న మాట చెప్పేవారు. నెత్తి మీది గంప అప్పుడే దింపి, చెమట తుడుచుకుంటున్న మనిషికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఆ భారం వాళ్ళకు పోలిక కాదు, మెడ నొప్పి.

ఇంకో సంగతి. కరువు సాగినంత కాలం, సుమారు 15 నెలలు, క్లౌ దొరగారు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం కలిశారన్న మాట రాకూడదని ఆపారు. పని ఇచ్చారు, కూలి ఇచ్చారు, పేరు రాసుకోలేదు. ఆ తర్వాతే 1878 జులై 3న, గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మన సభల్లో చాలామందికి నోటికొచ్చు. దానికి ముందు మోసిన మట్టి గంపల సంగతి ఎవరూ ఎత్తరు. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. సరుకు కోసం తిరిగే మనిషి సువార్త పట్టుకుని తిరిగాడు. మన వంశావళి ఇది. తోళ్ళ మూటలు, మట్టి గంపలు, పారలు, చీపుళ్ళు. ప్రభువే వడ్లవాడని మార్కు సువార్త 6వ అధ్యాయంలో ఊరివాళ్ళు చిన్నచూపుగా అంటారు. ఆ చిన్నచూపు మన హాల్లోకి రాకూడదు కదా.

మా తాత పెరంబూరు ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, ఫిట్టరు. పెద్దగా చదవలేదు, ప్రార్థన కూడా రెండు మాటల్లో ముగించేవాడు. ఒకరోజు సైకిలు గొలుసు తుడవడానికి గుప్పెడు కాటన్ వేస్టు జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. రాత్రి అన్నం తింటూ తింటూ ఆగిపోయాడు. మర్నాడు పొద్దున ఆ గుప్పెడు వేస్టూ కాగితంలో చుట్టి పట్టుకుపోయి స్టోర్‌లో ఇచ్చి వచ్చాడట. స్టోర్‌కీపరు నవ్వాడని మా నానమ్మ చెప్పేది. తాత దీన్ని సాక్ష్యంగా ఎక్కడా చెప్పలేదు. ఈ రోజుల్లో చెప్పినా మైకు ఇచ్చేవాళ్ళు ఉండరేమో. మన సాక్ష్యాలు వింటున్నాను కదా: వీసా వచ్చింది, ఫ్లాటు వచ్చింది, ప్రమోషన్ వచ్చింది. అవీ దేవుడు ఇచ్చినవే, స్తోత్రం. కానీ వచ్చినవే సాక్ష్యం అయితే, వద్దనుకున్నవాళ్ళు ఏ వరసలో కూర్చోవాలి?

నేను బాప్తిస్మం తరగతికి ఆరు వారాలు వెళ్ళాను. సినిమాల గురించి అడిగారు, నగల గురించి, బొట్టు గురించి అడిగారు. నా జీతం దేనికి వస్తుందని ఎవరూ అడగలేదు. లూకా 3వ అధ్యాయంలో బాప్తిస్మం కోసం వచ్చినవాళ్ళే యోహానును అడుగుతారు, మేమేం చేయాలని. పన్నులు వసూలు చేసేవాళ్ళకు, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులకు, ఎవరినీ బెదిరించి లాక్కోవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఎవరి పని గురించి వాళ్ళకు చెప్పాడు. ఆ అధ్యాయాన్ని తరగతిలో పెట్టండి. బండి నడిపేవాడిని మీటరు గురించి, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళను రెజ్యూమెలో రాసుకున్న అనుభవం గురించి, నాలాంటివాళ్ళను చీటీల గురించి అడగండి. ఇంట్లో పనిమనిషిని పెట్టుకున్నవాళ్ళను ఆమె సెలవుల గురించి, ఆమెకు నీళ్ళిచ్చే గ్లాసు గురించి అడగండి.

మీ గురించి కూడా ఒక మాట. మీలో చాలామంది అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో సెక్రటరీలు, ట్రెజరర్లు. మీరంటే నమ్మకం కాబట్టే ఆ బాధ్యత ఇచ్చి ఉంటారు. సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు, డ్రైనేజీ మూసుకుపోయినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారు? రక్షణ పరికరాలు లేకుండా మనిషిని లోపలికి దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు అంది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ నగరంలో ఆ పని చేసేవాళ్ళలో తెలుగు ఇళ్ళ పిల్లలు ఎందరో మీకు నేను చెప్పక్కర్లేదు. యంత్రం బండికి డబ్బు ఎక్కువవుతుందని మీటింగులో ఎవరో అంటారు. అప్పుడు మీరేం అంటారన్నది, నా దృష్టిలో, ఆ నెల మీరిచ్చిన ప్రసంగాలన్నిటికంటే పెద్దది. 2025 ఆగస్టులో కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందు పారిశుధ్య కార్మికులు రోజుల తరబడి పగలూ రాత్రీ కూర్చున్నారు. మన సంఘం నుంచి ఇద్దరు అక్కలు అక్కడ ఉన్నారు. ఆ ఆదివారాల్లో మన ప్రార్థనల్లో ఆ మాట ఒక్కసారీ రాలేదు. సమ్మె ఒప్పో తప్పో మీరు తేల్చమని కాదు, రోడ్డు మీద కూర్చున్నది మన వాళ్ళని గుర్తుపెట్టుకుంటే చాలు.

రూతు గ్రంథంలో బోయజు పొలానికి వస్తూనే కోతవాళ్ళను దీవిస్తాడు, వాళ్ళు తిరిగి అతన్ని దీవిస్తారు. కోత కోస్తున్న చోటే అది జరిగింది. పాస్టరుగార్లకు నా విన్నపం ఇదే. ఇళ్ళకు ప్రార్థనకు వస్తారు, ఆసుపత్రికి వస్తారు. ఒక్కసారి మేం పనిచేసే చోటికి రండి. మా దుకాణానికి రండి, టీ తెప్పిస్తాను. తెల్లవారి ఐదున్నరకు ఆ అక్క సంతకం పెట్టే చోటికి వెళ్ళి, చీపురు పట్టుకుని నిలబడ్డవాళ్ళ మధ్య ఒక నిమిషం ప్రార్థన చేయండి. చూసి వచ్చాక ఆదివారం మీరు చెప్పే వాక్యం మా దాకా ఎలా వస్తుందో మీకే తెలుస్తుంది.

సంఘానికి పనిచేసే ప్రతి మనిషికీ, ఊడ్చేవారికి, వాచ్‌మ్యాన్‌కి, కీబోర్డు వాయించే కుర్రాడికి, ఎంత ఇస్తారో కాగితం మీద రాసి ఇవ్వండి. 1వ తేదీకి ఇవ్వండి. కానుకలు తగ్గితే ముందు జీతాలు, తర్వాత కరెంటు బిల్లు, మిగిలితే మిక్సరు. ఎవరైనా ఊరికే పరిచర్యగా చేస్తామంటే అది వాళ్ళు చెప్పాల్సిన మాట, మనం వాళ్ళ తరఫున అనుకోవాల్సిన మాట కాదు. సంఘం పేరు మీద కొన్నదానికి బిల్లు తీసుకోండి. హాలు వైర్ల పాత చీటీ నా దగ్గర ఉంది. దాని మీద ట్యాక్సు ఎంతో లెక్క కట్టి పెట్టాను. ఎలా సరిచేయాలో ఆడిటర్‌ను అడుగుదాం, రాసింది నేను కాబట్టి నేనూ వస్తాను. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంట్లో ప్రభువు కూర్చుని ఉండగానే అతను లెక్కలు సరిచేయడానికి లేచాడు.

వచ్చే నెల మొదటి ఆదివారం బల్ల. అర్పణం బలిపీఠం దగ్గర విడిచిపెట్టి ముందు సహోదరుడి దగ్గరికి వెళ్ళమన్న మాట మీరే ఆ రోజు చదివి వినిపిస్తారు. ముందురోజు శనివారం మధ్యాహ్నం రెండింటికి ఆ అక్క వస్తుంది. ఇప్పటికి మూడు నెలలయింది, 10,500 రూపాయలు. గ్లాసులు కడిగి, ట్రే సర్ది, ఐదింటికి పెరుంబాక్కం బస్సు ఎక్కుతుంది. ఆ లోపు ట్రెజరర్‌గారు గానీ, మీలో ఎవరైనా గానీ హాలుకు రండి. కవరు మీద ఏ నెలకు ఎంతో రాయండి. రిజిస్టరులో ఆమె చేత సంతకం పెట్టించండి, ఆమెకు సంతకం వచ్చు.

మీ సహోదరి,
వేలచ్చేరి, చెన్నై